ఇంటర్‌ఫెరాన్ సంకేతం అందని ఎలుకలే లిస్టీరియాను బాగా తట్టుకున్నాయి. ఎందుకు?

తుంగభద్ర_22

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. బెంగళూరులో ఎమ్మెస్సీ చివరి ఏడాది చదువుతున్నాను, ప్రాజెక్టు కోసం ఒక ఇమ్యునాలజీ ల్యాబ్‌లో చేరాను. వచ్చే వారం జర్నల్ క్లబ్‌లో నా వంతు. సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్లు, ఎలుకల్లో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌ను ఎటు తిప్పుతాయన్నది నా అంశం.

ఒక విషయం నాకు ఎంతకీ కొరుకుడుపడటం లేదు. 2004లో జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్‌లో మూడు బృందాలు విడివిడిగా ఒకే మాట చెప్పాయి. టైప్-1 ఇంటర్‌ఫెరాన్ అనే సైటోకైన్‌కు రిసెప్టర్, అంటే ఆ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్, లేని ఎలుకలకు లిస్టీరియా మోనోసైటోజీన్స్ అనే బ్యాక్టీరియాను ఎక్కిస్తే, మామూలు ఎలుకల కంటే అవే బాగా తట్టుకున్నాయి. ప్లీహంలోనూ కాలేయంలోనూ బ్యాక్టీరియా తక్కువ, బతికినవి ఎక్కువ. ఇంకోపక్క 1993 నుంచే తెలిసిన సంగతి ఏమిటంటే, ఇంకో రకమైన ఇంటర్‌ఫెరాన్-గామాకు రిసెప్టర్ లేని ఎలుకలు అదే లిస్టీరియాకు ఇట్టే లొంగిపోతాయి. రక్షణ కోసం ఉన్న సంకేతాన్ని తీసేస్తే ఒకచోట చావు, ఇంకోచోట బతుకు ఎలా అవుతుంది? పేపర్లు చదివాను, బొమ్మలన్నీ చూశాను. ముక్కలు తెలుస్తున్నాయి గానీ కథ కుదరడం లేదు. ఎవరైనా విడమరచి చెప్పగలరా?

సీనియర్_పోస్ట్‌డాక్

ముందు లిస్టీరియా నడిచే దారి చూద్దాం. జవాబు సగం అక్కడే ఉంది.

క్రిములను మింగే రోగనిరోధక కణమైన మ్యాక్రోఫేజ్ దాన్ని మింగి, ఒక పొర సంచిలో బంధించి చంపాలని చూస్తుంది. లిస్టీరియా ఊరుకోదు. లిస్టీరియోలైసిన్-ఓ అనే ప్రోటీన్‌తో ఆ సంచికి చిల్లు పెట్టి కణద్రవంలోకి జారుకుంటుంది. అక్కడ తీరిగ్గా పెరుగుతూ సైక్లిక్-డై-ఏఎంపీ అనే చిన్న అణువును వదులుతుంది. ఈ సంగతి 2010లో బయటపడింది. కణంలోని స్టింగ్ అనే ప్రోటీన్‌కు ఆ అణువు తగలగానే టైప్-1 రకానికి చెందిన ఇంటర్‌ఫెరాన్-బీటా తయారీ మొదలవుతుంది. వైరస్‌ల మీద చక్కగా పనిచేసే ఏర్పాటు అది. ఇక్కడ వచ్చింది మాత్రం వైరస్ కాదు.

ఇప్పుడు ఆ ఇంటర్‌ఫెరాన్ చుట్టుపక్కల కణాలను ఏం చేస్తుందో చూడండి. దాని ప్రభావంలో ఉన్న లింఫోసైట్లు (టీ-కణాల వంటి తెల్ల రక్తకణాలు) లిస్టీరియోలైసిన్ దెబ్బకు మరింత తేలిగ్గా చచ్చిపోతాయి. ఇన్ఫెక్షన్ మొదలైన కొద్ది రోజుల్లోనే ప్లీహంలో చచ్చిన లింఫోసైట్లు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. వాటిని మింగి శుభ్రం చేసే మ్యాక్రోఫేజ్‌లు ఐఎల్-10 అనే సైటోకైన్‌ను ఎక్కువగా వదులుతాయి. ఐఎల్-10 పని మంటను, అంటే రోగనిరోధక పోరులో పుట్టే వాపును, చల్లార్చడం. పోరు మధ్యలో ఉండగానే చల్లార్చేస్తే లాభపడేది బ్యాక్టీరియానే. అసలు లింఫోసైట్లే లేని స్కిడ్ ఎలుకలు మొదటి కొన్ని రోజులు లిస్టీరియాను మామూలు ఎలుకల కంటే బాగా అదుపు చేస్తాయన్నది ఈ కోణంలో చూస్తేనే అర్థమవుతుంది. కాకపోతే టీ-కణాలు లేవు కాబట్టి అవి చివరిదాకా దాన్ని పూర్తిగా వదిలించుకోలేవు.

మీ ప్రశ్నకు అసలు తాళంచెవి రెండో ముక్కలో ఉంది. టైప్-1 ఇంటర్‌ఫెరాన్ తగిలిన మ్యాక్రోఫేజ్‌లు తమ పైపొర మీద గామా రిసెప్టర్లను తగ్గించుకుంటాయని 2010లో చూపించారు. అంటే గామా వచ్చినా, బ్యాక్టీరియాను చంపమనే దాని ఆజ్ఞ మ్యాక్రోఫేజ్‌కు సరిగా అందదు. టైప్-1 సంకేతం లేని ఎలుకలో గామా పని ఏ అడ్డూ లేకుండా సాగుతుంది. గామా రిసెప్టరే లేని ఎలుకలో ఆ పని మొదలే కాదు. కాబట్టి మీరు చెప్పిన రెండు ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం లేదు, రెండూ ఒకే దారిలో ముందొకటి, వెనకొకటి.

తుంగభద్ర_22

ధన్యవాదాలు సర్. గామా రిసెప్టర్ తగ్గుతుందన్న ముక్క నేను చదవనేలేదు. అయితే టైప్-1 ఇంటర్‌ఫెరాన్ అన్ని బ్యాక్టీరియాల విషయంలోనూ చెరుపే చేస్తుందని స్లైడ్ మీద రాసేయొచ్చా?

సీనియర్_పోస్ట్‌డాక్

అలా రాయకండి, మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. కణం లోపల కాపురం పెట్టే లిస్టీరియా, ఫ్రాన్సిసెల్లా, సాల్మొనెల్లా విషయంలో రిసెప్టర్ లేని ఎలుకలే మేలు అని తేలింది. గ్రూప్-బి స్ట్రెప్టోకాకస్‌ దగ్గరికి వస్తే 2007లో సరిగ్గా తలకిందులైంది, రిసెప్టర్ లేని ఎలుకలే ఎక్కువ చనిపోయాయి. సూక్ష్మజీవి ఎక్కడ బతుకుతుంది, ఏ కణం దాన్ని చంపాలి అన్నదాన్ని బట్టి అదే సంకేతం మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. స్లైడ్ మీద సైటోకైన్ పేరు రాసిన ప్రతిచోటా పక్కన బ్యాక్టీరియా పేరు కూడా రాయండి. మంచి సైటోకైన్, చెడ్డ సైటోకైన్ అన్న విభజన ఎలుకల ప్రయోగాలు చూసినవాళ్లు ఎవరూ చేయరు.

హెబ్బాళ_అక్క

తమ్ముడూ, గామా గురించి రెండు మాటలు చెబుతాను. నా పని క్షయ మీద, బీఎస్ఎల్-3లో, అంటే ప్రమాదకర క్రిముల కోసం కట్టిన గట్టి భద్రత ఉన్న ల్యాబ్‌లో.

ఇక్కడ గామా లేకపోతే ఏమవుతుందో 1993లోనే రెండు బృందాలు తేల్చేశాయి. బ్లాక్-6 అనే ల్యాబ్ జాతి ఎలుకకు గాలి ద్వారా వంద లోపు క్షయ క్రిములు అందిస్తే, మూడు నాలుగు వారాల్లో ఊపిరితిత్తుల్లో పది లక్షల దాకా పెరిగి అక్కడ ఆగుతాయి. ఎలుక వాటిని వదిలించుకోలేదు, అలాగని చావదు కూడా. నెలల తరబడి వాటితోనే బతుకుతుంది. గామా జన్యువు తీసేసిన ఎలుకలో ఆ ఆగడమే ఉండదు, లెక్క పైకి పోతూనే ఉంటుంది, వారాల్లో చనిపోతుంది. గామా అందితే మ్యాక్రోఫేజ్ నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎన్‌ఓఎస్-2 ఎంజైమును పెంచుతుంది. ఆ ఎంజైము లేని ఎలుకలూ క్షయకు లొంగిపోతాయి. గామాను పుట్టించే ఐఎల్-12 లేకపోయినా అదే గతి. ఈ వరుస మొత్తం పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది.

పుస్తకాల్లో తక్కువగా కనిపించేది ఇంకొకటి ఉంది. పీడీ-1 అనే ప్రోటీన్ టీ-కణాల జోరుకు కళ్లెం. అది లేని ఎలుకల్లో టీ-కణాలు గామాను విపరీతంగా వదులుతాయి. మరి ఆ ఎలుకలు క్షయను ఇంకా బాగా తట్టుకోవాలి కదా? లేదు. మామూలు ఎలుకల కంటే ముందే చనిపోయాయి, ఊపిరితిత్తులు పుండ్లుపడి. సీడీ-4 అనే రకం టీ-కణాల నుంచి వచ్చే గామా మితిమీరడమే ఆ చావుకు కారణమని 2016లో చూపించారు. క్యాన్సర్‌కు పీడీ-1ను అడ్డుకునే మందులు వాడిన మనుషుల్లో కూడా క్షయ బయటపడిన కేసులు ఉన్నాయి. తక్కువైతే ఒక చావు, ఎక్కువైతే ఇంకో చావు. మధ్యలో ఉన్న ఇరుకు దారి వెడల్పెంతో కొలవడమే మా పని అనిపిస్తుంది నాకు.

ఆ కొలవడం ఎలా ఉంటుందో కూడా చెబుతాను, నీకు పనికొస్తుంది. ఊపిరితిత్తిని నూరి, పదింతలు పదింతలుగా పల్చన చేసి, క్రిములు పెరిగే 7హెచ్11 ప్లేట్ల మీద పరుస్తాం. లిస్టీరియా అయితే మర్నాడే కాలనీలు, అంటే పెరిగిన క్రిముల చుక్కలు, కనిపిస్తాయి. క్షయకు మూడు వారాలు ఆగాలి. అన్నాళ్లు ప్లేట్లు ఎండిపోకుండా చుట్టి ఇంక్యుబేటర్‌లో పెట్టి కాపాడుకోవాలి. చివరికి చూస్తే లేత గోధుమ రంగులో, ముడతలు పడి, ఎండిన మజ్జిగ చారల్లాంటి కాలనీలు. ఒక్క ప్లేటుకు బూజు పట్టినా ఆ ఎలుక తాలూకు సమాచారం అక్కడితో సరి. కాబట్టి లిస్టీరియాతో మొదలుపెట్టడం నీ అదృష్టం.

వైట్‌ఫీల్డ్_కోడర్

బయాలజీ నా రంగం కాదు, ఆసక్తితో చదువుతున్నాను. ఒక సందేహం మొహమాటం లేకుండా అడుగుతాను. ఎలుకల్లో తేలింది మనుషుల్లో నిలవదని చాలాచోట్ల చదివాను. మరి ఒక జన్యువు తీసేసిన ఈ నాకౌట్ ఎలుకల లెక్కలతో ఎవరికి ఉపయోగం?

సీనియర్_పోస్ట్‌డాక్

అడగాల్సిన సందేహమే. రెండు వైపులా ఉదాహరణలు ఉన్నాయి, రెండూ టీఎన్ఎఫ్ అనే ఒకే సైటోకైన్ మీద.

1993లో టీఎన్ఎఫ్ మొదటి రిసెప్టర్ లేని ఎలుకలను తయారుచేశారు. డీ-గెలాక్టోసమిన్ అనే రసాయనంతో పాటు బ్యాక్టీరియా పైపొర విషం, అంటే ఎల్‌పీఎస్, ఎక్కిస్తే మామూలు ఎలుకలు షాక్‌తో చనిపోయాయి, ఇవి బతికాయి. అవే ఎలుకలకు ప్రాణమున్న లిస్టీరియా ఎక్కిస్తే ఇవి చనిపోయాయి, మామూలువి బతికాయి. ఒక్క రిసెప్టర్ తీసేస్తే ఒక ప్రయోగంలో వరం, ఇంకో ప్రయోగంలో శాపం. నాకు తెలిసిన సైటోకైన్ పాఠాల్లో ఇంతకంటే గట్టిది లేదు.

మనుషుల దగ్గర ఏం జరిగింది? మొదటి సగం చూసి, టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) రోగులు బతుకుతారనుకున్నారు. పెద్ద పెద్ద ట్రయల్స్ పెట్టారు, ఆశించిన మేలు జరగలేదు. ఆ పక్షాన మీ మాట నిజం. ఎలుక ఎల్‌పీఎస్‌ను కిలోకు మిల్లీగ్రాముల్లో తట్టుకుంటుంది, మనిషికి కిలోకు నానోగ్రాముల్లో ఇస్తేనే జ్వరం వస్తుంది. తేడా అంత ఉంది.

రెండో సగం మాత్రం అచ్చంగా నిజమైంది. అదే టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు కీళ్లవాతానికి, పేగు పుండ్లకు బాగా పనిచేశాయి. 2001లో ఆ మందుల్లో ఒకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడిన 70 మందికి క్షయ వచ్చిన వివరాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. టీఎన్ఎఫ్ సంకేతం లేని ఎలుకలు క్షయకు లొంగిపోతాయని 1995లోనే అచ్చయి ఉంది. తర్వాత ఆ మందుల హెచ్చరికలో లిస్టీరియా పేరూ చేరింది. ఎలుకలు ముందే చెప్పాయి.

ఇంకొక ముచ్చట. ఎలుకల మంట స్పందన మనిషి స్పందనకు దగ్గరగా లేదని 2013లో ఒక పేపర్ వస్తే, దాదాపు అదే డేటాను వేరే పద్ధతిలో లెక్కకట్టి చాలా దగ్గరగా ఉందని ఇంకో బృందం తేల్చింది. రెండూ ఒకే పత్రికలో వచ్చాయి. డేటా మీ వృత్తి కాబట్టి ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి, మీకు నచ్చుతాయి.

హెబ్బాళ_అక్క

ఎదుటి వైపు వాదనకు మన పక్కనే ఇంకో గట్టి ఉదాహరణ ఉంది. బీసీజీ టీకా ఇచ్చిన ఎలుకల్లో క్షయ క్రిములు సుమారు పదో వంతుకు తగ్గుతాయి. అదే టీకాను మద్రాసు పక్కన చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలుపెట్టి లక్షల మంది మీద పరీక్షించారు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఆపలేదని తేలింది. పసిపిల్లల్లో మెదడు పొరల క్షయ వంటి ప్రమాదకర రూపాల నుంచి కాపాడుతుంది కాబట్టి పుట్టగానే ఇస్తూనే ఉన్నాం. శుభ్రమైన పంజరంలో పెరిగిన ఎలుక ఎప్పుడూ మట్టిలోని మైకోబ్యాక్టీరియాను, అంటే క్షయ క్రిమికి చుట్టాలైన బ్యాక్టీరియాను, చూసి ఉండదు, చెంగల్పట్టు మనిషి చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంటాడు. ఆ తేడా ఒక కారణం కావచ్చని చాలామంది అంటారు. నేనూ అటే మొగ్గుతాను.

జయనగర్_వాసి

ఈ చర్చ నాకు దగ్గరి విషయం. మా అమ్మకు రుమటాయిడ్ కీళ్లవాతం, వేళ్లు వంకర్లు పోతున్నాయి, పొద్దున్నే గ్లాసు పట్టుకోలేదు. డాక్టర్ అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలుపెడదామన్నారు. ముందు ఛాతీ ఎక్స్‌రే, ఐజీఆర్ఏ అనే రక్త పరీక్ష చేయించమన్నారు. "నాకు క్షయ ఉందనుకుంటున్నారా" అని అమ్మ ఒకటే టెన్షన్. మా తాతగారికి చిన్నప్పుడెప్పుడో టీబీ వచ్చి తగ్గిందట. ఆమెకు ఏం చెప్పమంటారు?

వార్డు_డాక్టర్

ముందుగా అమ్మగారికి ధైర్యం చెప్పండి. ఆమెకు జబ్బు ఉందనుకుని రాసిన పరీక్ష కాదది. మన దేశంలో ఆ మందు మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ చేయించాల్సినదే.

లోపల జరిగేది ఇది. ఎప్పుడో ఒంట్లోకి వచ్చిన క్షయ క్రిములను రోగనిరోధక కణాలు చుట్టుముట్టి గ్రాన్యులోమా అనే గడ్డలో నిద్రపుచ్చుతాయి. మనిషికి దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, ఎవరికీ అంటించరు. ఆ గడ్డ చెదరకుండా ఉండటానికి టీఎన్ఎఫ్ కావాలి. అడాలిముమాబ్ కీళ్లలో మంటను తగ్గించేది టీఎన్ఎఫ్‌ను పట్టేసి. అదే టీఎన్ఎఫ్ గడ్డ దగ్గర కూడా తగ్గుతుంది కాబట్టి నిద్రపోతున్నవి లేవవచ్చు. 2001 నాటి ఆ కేసుల్లో సగానికి పైగా ఊపిరితిత్తుల బయట వచ్చినవి, చాలావరకు మందు మొదలుపెట్టిన కొద్ది నెలల్లోనే.

ఐజీఆర్ఏలో కొలిచేది ఏమిటో తెలుసా? హెబ్బాళ అక్క చెప్పిన గామానే. రక్తంలోని టీ-కణాలకు క్షయ క్రిమి ముక్కలు చూపిస్తారు. ఇంతకు ముందు చూసిన కణాలైతే గుర్తుపట్టి గామా వదులుతాయి. చర్మం మీద చేసే మాంటూ పరీక్ష బీసీజీ వేయించుకున్నవారిలో కూడా పాజిటివ్ రావచ్చు, దీంతో ఆ ఇబ్బంది లేదు. పాజిటివ్ వచ్చినా బెంబేలు పడక్కర్లేదు. నిద్రలో ఉన్న క్షయకు మందులు ఇచ్చి, మామూలుగా కనీసం నెల గడిచాక ఇంజెక్షన్ మొదలుపెడతారు. మీ తాతగారి సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, అది చిన్న విషయం కాదు. మందు మొదలయ్యాక రెండు వారాలు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డలు కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. కాచని పాలు, వాటితో చేసిన చీజ్ ఆమెకు వద్దు, అది లిస్టీరియా కోసం. పరీక్షలకు భయపడి మంచి మందు మానేస్తే ఆ వేళ్లు మళ్లీ నిటారు కావు.

జయనగర్_వాసి

చాలా థ్యాంక్స్ డాక్టర్ గారూ. తాతగారి విషయం మేం అక్కడ చెప్పలేదు, రేపే ఫోన్ చేస్తాను. మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. "అయితే ఎక్స్‌రే తీయించుకుందాం పద" అంది.

పిల్లల_డాక్టర్

మనుషుల్లో గామా సంగతి ఎలుకల ఫలితాల తర్వాత మూడేళ్లకే, 1996లో రుజువైంది. గామా రిసెప్టర్ జన్యువు పుట్టుకతోనే చెడిపోయిన పిల్లలను గుర్తించారు. బీసీజీ వేస్తే ఆ టీకా క్రిమే ఒళ్లంతా పాకింది. 1998లో ఐఎల్-12 రిసెప్టర్ లోపం ఉన్న పిల్లలు దొరికారు, వాళ్లకు బీసీజీతో పాటు సాల్మొనెల్లా కూడా మళ్లీ మళ్లీ వచ్చేది. మిగతా వైరస్‌లనూ బ్యాక్టీరియాలనూ వాళ్లు చాలావరకు మనలాగే తట్టుకుంటారు. ఒక్క సంకేతం పోతే కొన్ని రకాల శత్రువులకే తలుపు తెరుచుకోవడం ఎంత కచ్చితమో చూడండి.

చికిత్సలోనూ ఆ తర్కమే. ఐఎల్-12 దగ్గర లోపమైతే బయటి నుంచి గామా ఇంజెక్షన్ ఇస్తే పనిచేస్తుంది. గామా రిసెప్టరే పూర్తిగా లేకపోతే ఎంత ఇచ్చినా వృథా, మూలకణాల మార్పిడి గురించి ఆలోచించాలి.

ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. ఐఎల్-12 రిసెప్టర్ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడిన ప్రతులు వస్తేనే బయటపడుతుంది. మన వైపు మేనరికాలు ఎక్కువ. బీసీజీ వేసిన చోట పుండు మానకుండా, చంకలో గడ్డలు పెరిగి చీము కారుతుంటే, అన్నకో అక్కకో ఇలాగే అయిందని తల్లి చెబుతుంటే, ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి.

సాయంత్రం_చదువరి

ఇంత చదివాక ఒకటి అడగాలనిపిస్తోంది. ఫ్లూ తగ్గి లేచి తిరుగుతున్న మనిషికి ఉన్నట్టుండి న్యుమోనియా వస్తుంది. మా పక్కింటి పెద్దాయనకు అలాగే అయింది. ఫ్లూ మీద పోరాడి ఇమ్యూనిటీ పెరిగి ఉండాలి కదా, మరి అప్పుడే ఎందుకు వస్తుంది? అలాగే ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలు వాడితే ఆగుతుందా?

సీనియర్_పోస్ట్‌డాక్

మీ మొదటి ప్రశ్నకు ఎలుకలు చక్కటి జవాబు ఇచ్చాయి. ఫ్లూ నుంచి కోలుకుంటున్న ఎలుక ఊపిరితిత్తుల్లో గామా పుష్కలంగా ఉంటుంది, వైరస్‌ను తరిమిన టీ-కణాలు వదిలింది. ఆ గామా వల్ల గాలి సంచుల్లోని మ్యాక్రోఫేజ్‌లు మార్కో అనే రిసెప్టర్‌ను తగ్గించుకుంటాయి. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాను పట్టి మింగడానికి వాటికి కావాల్సిన చెయ్యి అదే. గామాను అడ్డుకుంటే ఫ్లూ తర్వాత కూడా ఎలుకలు న్యుమోకాకస్‌ను వదిలించుకోగలిగాయి. ఇది 2008 నాటి పని. మరుసటి ఏడాది ఇంకో బృందం టైప్-1 ఇంటర్‌ఫెరాన్ పాత్ర కూడా చూపించింది. అది న్యూట్రోఫిల్స్‌ను, అంటే బ్యాక్టీరియాను చంపే తెల్ల రక్తకణాలను, రప్పించే రసాయనాలను అణిచేస్తోంది. ఒక పేజీ పైన క్షయలో ప్రాణం కాపాడిన గామానే ఇక్కడ న్యుమోకాకస్‌కు దారి ఇచ్చింది.

రెండో ప్రశ్నకు అందులోనే జవాబు ఉంది. ఏ సంకేతాన్ని, ఏ అవయవంలో, ఏ రోజున, ఏ క్రిమి కోసం పెంచాలి? డబ్బా మీద ఆ వివరం ఉండదు. పీడీ-1 లేని ఎలుకల ఇమ్యూనిటీ పెరిగే ఉంది, అవే ముందు చనిపోయాయి. పెద్దవాళ్లకు ఫ్లూ టీకా, న్యుమోకాకస్ టీకా వేయించండి. వాటికి రుజువు ఉంది.

పల్నాడు_పశువైద్యుడు

ల్యాబ్ జంతువుల విభాగంలో పనిచేస్తాను. తుంగభద్ర గారూ, మీరు ప్రయోగం మొదలుపెట్టే ముందు నా వైపు నుంచి కొన్ని మాటలు.

నాకౌట్ ఎలుక ఏ జాతి నేపథ్యంలో తయారైందో అడగండి. టైప్-1 రిసెప్టర్ నాకౌట్‌ను 1994లో మొదట 129 జాతిలో చేశారు. 129 ఎలుకల్లో ఎన్‌ర్యాంప్-1 అనే జన్యువు మంచి స్థితిలో ఉంటుంది. బ్లాక్-6, బాల్బ్-సీ ఎలుకల్లో ఆ ప్రోటీన్‌లో 169వ అమైనో ఆమ్లం ఒక్కటి మారి అది పనిచేయదు. అందుకే రక్తంలోకి సాల్మొనెల్లా ఎక్కిస్తే బ్లాక్-6 రోజుల్లో చనిపోతుంది, 129 తట్టుకుంటుంది. 129లో ఉన్న నాకౌట్‌ను బ్లాక్-6తో పోల్చి సైటోకైన్ గొప్పతనం రాస్తే మీరు కొలిచింది ఎన్‌ర్యాంప్ అవుతుంది. ఇలాంటిదే కాస్పేజ్-1 కథ. ఐఎల్-1బీటాను తయారుచేసే ఆ ఎంజైము లేని ఎలుకలు ఎల్‌పీఎస్ షాక్‌ను తట్టుకుంటాయని 1995 నుంచి అందరూ రాస్తూ వచ్చారు. ఆ ఎలుకల్లో 129 నుంచి వచ్చిన కాస్పేజ్-11 లోపం కూడా ఉందని, షాక్‌కు అసలు బాధ్యురాలు అదేనని 2011లో తేలింది. పదహారేళ్లు! ఒకే తల్లి ఈతలో పుట్టిన మామూలు పిల్లలను, నాకౌట్ పిల్లలను పక్కపక్కన పెట్టి పోల్చడమే దీనికి మందు.

ఎలుకలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా ముఖ్యం. ఎస్ఎఫ్‌బీ అనే పేగు బ్యాక్టీరియా ఒక సరఫరాదారు ఎలుకల్లో ఉంటుంది, ఇంకొకరి ఎలుకల్లో ఉండదు. ఉన్నవాటి పేగుల్లో ఐఎల్-17, ఐఎల్-22 అనే సైటోకైన్లు వదిలే కణాలు ఎక్కువ, సిట్రోబ్యాక్టర్ అనే పేగు క్రిమిని అవి బాగా తట్టుకుంటాయి. ఇది 2009లో వచ్చిన పని. జాతి పేరు ఒకటే, ఫలితం వేరు. పంజరాలు కలిపి ఉంచడం, పాత పరుపు కొత్త పంజరంలో కొంచెం కలపడం వంటివి అందుకే చేస్తాం.

ఇక ఏ దారిన ఇస్తున్నారు? మనిషికి లిస్టీరియా తిండితో వస్తుంది. ఎలుకకు నోటి ద్వారా ఇస్తే సరిగా అంటదు, ఎందుకంటే లిస్టీరియా మీది ఇంటర్నలిన్-ఏ అనే ప్రోటీన్ ఎలుక పేగులోని ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌కు సరిగా అతుక్కోదు. అక్కడ ఒక్క అమైనో ఆమ్లం తేడా. అందుకే చాలామంది తోక నరంలోకి ఎక్కిస్తారు. తిండి ద్వారా అంటేలా చేసిన ప్రయోగంలో మాత్రం టైప్-1 ఇంటర్‌ఫెరాన్ వల్ల ఎలుకలు ఎక్కువ లొంగడం కనిపించలేదని 2016లో ఒక పేపర్ వచ్చింది. 2004 పేపర్లతో పాటు అదీ మీ జర్నల్ క్లబ్‌లో ఉండాలి.

సీనియర్_పోస్ట్‌డాక్

2016 పేపర్ గుర్తుచేయడం చాలా మంచిదైంది. నా మొదటి వివరణ నరంలోకి ఎక్కించినప్పుడు ప్లీహంలో జరిగేదాని గురించి అని చదువుకోండి.

సాయంత్రం_చదువరి

పశువైద్యుడు గారూ, బాధతో అడుగుతున్నాను. ఇన్ని ఎలుకలు చావాల్సిందేనా?

పల్నాడు_పశువైద్యుడు

చావు దాకా వదిలేయడం మేం ఒప్పుకోం అండీ. ఇన్‌స్టిట్యూట్ ఎథిక్స్ కమిటీకి ఫారం-బి పెట్టి, ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని, ఏ స్థితిలో ఆపేస్తారు అన్నది రాసి అనుమతి తెచ్చుకోనిదే ఒక్క ఎలుకను ముట్టుకోనివ్వం. పైన జంతు ప్రయోగాలను చూసే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ నిబంధనలు ఉన్నాయి. పేపర్లలో "చనిపోయాయి" అని ఉన్నచోట ఇప్పుడు చాలాసార్లు అర్థం, ముందే రాసుకున్న హద్దు చేరగానే నొప్పి లేకుండా ప్రాణం తీశారని.

రోజూ తూకం వేస్తాం. అయిదో వంతు బరువు తగ్గితే ఆపేస్తాం. తూకం కంటే ముందే తెలుస్తుంది, రోజూ చూసే కళ్లకు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక మనం ఇచ్చిన దూదిని చీల్చి పంజరం మూలలో గిన్నెలాంటి గూడు కట్టుకుంటుంది. జబ్బు మొదలైనది గూడు కట్టడం మానేస్తుంది, దూది ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది. తర్వాత వెంట్రుకలు రేగుతాయి, వీపు గూనిగా వంగుతుంది, కళ్లు సగం మూసుకుంటాయి. నేను పొద్దున వెళ్లగానే చూసేది దూదినే.

సంఖ్య తగ్గించే దారులూ వచ్చాయి. వెలుగునిచ్చే జన్యువు పెట్టిన బ్యాక్టీరియాను వాడితే అదే ఎలుకను మళ్లీ మళ్లీ మత్తిచ్చి కెమెరా కింద చూడొచ్చు, రోజుకో గుంపును కోయక్కర్లేదు. ఎన్ని కావాలో ముందే స్టాటిస్టిక్స్‌తో లెక్కకట్టడం ఇంకొకటి. మరీ తక్కువ ఎలుకలతో చేసి ఏమీ తేలని ప్రయోగం ఉంటుంది చూడండి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. ఆ ప్రాణాలు ఎవరికీ ఉపయోగపడలేదు.

తుంగభద్ర_22

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా ఎలుకల రికార్డు అడిగి చూశాను. బ్లాక్-6తో పది తరాలకు పైగా సంకరం చేసినవని ఉంది, ఒకే ఈత పిల్లలనే వాడమని గైడ్ కూడా అన్నారు. 2016 పేపర్ కలిపి స్లైడ్లు మళ్లీ రాస్తున్నాను. ప్రతి సైటోకైన్ పక్కనా క్రిమి, ఇచ్చిన దారి, డోసు, ఎలుక జాతి నాలుగూ ఉంటాయి. చివరగా ఒక్క ప్రశ్న. మా ల్యాబ్‌లో ఒక సీనియర్ అక్క గర్భవతి. నేను లిస్టీరియా ప్లేటింగ్ మొదలుపెడితే ఆమె అదే గదిలో పనిచేయవచ్చా?

వార్డు_డాక్టర్

వద్దు. లిస్టీరియా బీఎస్ఎల్-2లో చేసే పనే అయినా గర్భిణులు దానికి దూరంగా ఉండాలి. తల్లికి మామూలు జ్వరంలా వచ్చిపోయినా అది మావిని దాటి బిడ్డను చేరుతుంది, గర్భస్రావం కావచ్చు. గర్భంలో ఒళ్లు బిడ్డను తోసిపుచ్చకుండా ఉండేందుకు మావి దగ్గర రోగనిరోధక స్పందన తగ్గి ఉంటుంది, లిస్టీరియాకు అదే అవకాశం. మీరు మొదలుపెట్టే ముందే గైడ్‌కూ బయోసేఫ్టీ కమిటీకీ చెప్పి ఆమెకు వేరే గది, వేరే ఇంక్యుబేటర్, వేరే ఫ్రిజ్ ఏర్పాటు చేయించండి. ఫ్రిజ్ చలిలో కూడా పెరిగే బ్యాక్టీరియా ఇది.

మీకు కూడా ఒక జాగ్రత్త. సూది గుచ్చుకున్నా, ఆ పని చేస్తున్న రోజుల్లో జ్వరం వచ్చినా, డాక్టర్ దగ్గరికి వెళ్లి మొట్టమొదట లిస్టీరియాతో పనిచేస్తున్నానని చెప్పండి. జ్వరానికి తరచూ ఇచ్చే సెఫ్‌ట్రియాక్సోన్ వంటి సెఫలోస్పోరిన్లు దాని మీద పనిచేయవు. ఆంపిసిలిన్ కావాలి. మీకు పెన్సిలిన్ అలర్జీ ఉంటే ఆ మాటా ముందే ల్యాబ్ రికార్డులో రాయించండి.